ఏడు చుట్లు తగ్గించిన పాట

సరుకు ఎంచడంలో ఇస్సాకు ఎన్నడూ పొరపాటు పడలేదు. చీరాలలో మైకుసెట్టు అద్దెకిచ్చిన ఇరవై ఏళ్లూ, భార్య ఊర్మిళకు డ్రెస్డెన్‌లో చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే ఆమె వెనకాల జర్మనీకి వచ్చిన ఈ తొమ్మిదేళ్లూ, ఏది అమ్ముడుపోతుంది, ఎవరికి, ఎన్నాళ్లపాటు అన్న మూడు సంగతులూ తేల్చుకున్నాకే దేంట్లోనైనా దిగాడు.

ఇక్కడ అతనికి దొరికిన సరుకు పాత ఇంగ్లీషు రాక్ పాటలు. అరవై దాటిన జర్మన్లు కుర్రతనంలో జుట్టు పెంచుకుని, చెవులు దిబ్బెళ్లు పడేలా విన్న పాటలు. ఆ పాటల మీద వాళ్లకు ప్రేమ పోలేదు గానీ, ఆ మోత భరించే చెవులు పోయాయి. అవే పాటల్ని క్యూబా పద్ధతిలోకి దింపి, కరెంటు గిటారు అరిచే చోట ట్రెస్ అనే మూడు జంట తీగల చిన్న గిటారు మీటి, డ్రమ్ములు బాదే చోట బొంగోలనే జంట డోళ్ల మీద వేళ్లు ఆడించి, గొంతు చించుకునే చోట బొలేరో అనే వాళ్ల ప్రేమపాటలాగా మెల్లగా పాడితే, ముసలివాళ్లు కళ్లు మూసుకుని తలలూపుతారు. ఈ సంగతి ఇస్సాకు ఎల్బే నది ఒడ్డున ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో కనిపెట్టాడు. అక్కడ ఒక నల్లటి ముసలాయన మడత కుర్చీలో కూర్చుని వాయిస్తుంటే, చుట్టూ పక్క కొట్ల బేరాలు ఆగిపోయాయి. బేరాలు ఆపగలిగిన మనిషిని వదులుకోకూడదని అప్పుడే అనుకున్నాడు.

ఆ ముసలాయన ఎవెలియో. ఇరవై రెండేళ్ల వయసులో, రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం మీద, క్యూబా నుంచి అప్పటి తూర్పు జర్మనీ నూలుమిల్లుకు పనికి వచ్చాడు. హాస్టల్లో చాటుగా రేడియోలో విన్న ఇంగ్లీషు పాటల్ని, చేతిలో ట్రెస్ తప్ప మరేం లేదు కాబట్టి, దాని మీదే తన ఊరి తీరులో వాయించుకునేవాడు. రెండు జర్మనీల మధ్య గోడ కూలిన ఏడాది తోటివాళ్లందరినీ విమానాలెక్కించి పంపేశారు. ఇతను ఒక జర్మన్ అమ్మాయిని పెళ్లాడి ఉండిపోయాడు. ఆమె పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు. యాభై ఏళ్లుగా పోనిదల్లా తీగ మీటే ఆ కుడిచెయ్యి ఒక్కటే.

ఎవెలియోకు ఒక గాయకుణ్ణి, కొందరు వాద్యగాళ్లను చేర్చి కట్టిన బ్యాండును మొదట్లో పుట్టినరోజులకు తిప్పాడు ఇస్సాకు. అరవయ్యోది, డెబ్బయ్యోది. మూడో ఏడు వచ్చేసరికి ఒక సంగతి గమనించాడు. అవే ఇళ్ల నుంచి మళ్లీ ఫోన్లు వస్తున్నాయి, ఈసారి అంత్యక్రియలకు. పోయినాయనకు ఆ పాట ఇష్టం, మీరు వాయించినట్టే కావాలి అని. పుట్టినరోజుకు పదేళ్లకోసారి పిలుస్తారు. దీనికి ఒక్కసారే పిలుస్తారు, కానీ పిలవనివాళ్లుండరు. వ్యాపారం అటు తిరిగింది. నల్లకోట్లు కుట్టించాడు.

కర్రలు వాయించే మనిషి పోలండ్ వెళ్లిపోతే, ఆ పని ఇస్సాకే నేర్చుకున్నాడు. చేతిలో పట్టే రెండు గుండ్రటి చెక్కముక్కలు. క్యూబా పాటకు వెన్నెముక ఆ చప్పుడే. నాలుగు మాత్రల చుట్టులో మూడు దెబ్బలు, తరవాతి నాలుగు మాత్రల చుట్టులో రెండు. మూడు, రెండు, మూడు, రెండు, పాట అయ్యేదాకా. పాటలో ప్రతి స్వరానికీ తాను మూడు పక్క ఉందో రెండు పక్క ఉందో తెలిసి ఉండాలి. పక్క తప్పితే నది ప్రవాహానికి ఎదురు నడిచినట్టే.

“నా చెవికి ఆ తేడా వినపడదు కదా, ఎట్లా తెలుస్తుంది తప్పానో లేదో?” అని అడిగాడు ఇస్సాకు. జర్మన్లో ఇద్దరూ ఒకరినొకరు ‘డూ’, అంటే ‘నువ్వు’ అనే అనుకున్నా, ఇస్సాకు మనసులో అది ఎప్పుడూ ‘మీరే’.

“నువ్వు వినకూడదు, హెండ్లర్,” అన్నాడు ఎవెలియో. వ్యాపారి అని అర్థమొచ్చే ఆ జర్మన్ మాటతోనే ఇస్సాకును పిలిచేవాడు, సగం ఎగతాళిగా, సగం ముద్దుగా. “నువ్వు గోడవి. నేను తాగినవాడిలా తూలినా నువ్వు కదలకు. తప్పితే నేనే తప్పుతా. యాభై ఏళ్లలో తప్పలేదనుకో.”

చిన్నప్పుడు చర్చిలో డోలక్కు వాయించిన ఇస్సాకుకు నాలుగు మాత్రలంటే నాలుగు మాత్రలే. నాలుగుతో పాట ఒకసారి ఇంటికి వచ్చేసినట్టు. అందుకే దెబ్బలు సరిగ్గా పడేవి, కానీ రెండు చుట్లు కలిస్తేనే ఒకటి అన్న సంగతి చేతికి ఎక్కింది తప్ప చెవికి ఎక్కలేదు.

ఫిబ్రవరిలో పది పాటలు రికార్డు చేశారు. ఏప్రిల్లో ఎవెలియోకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది.

ఆ రికార్డు కొంటానన్నది ఫ్రౌ హాంపెల్. ఆమెకు పదకొండు ఊళ్లలో అంత్యక్రియల కార్యాలయాలున్నాయి. వాయించేవాళ్లు రాకపోయినా, మీట నొక్కితే పాట వస్తే చాలునంది. ఇస్సాకు లెక్కలో అది ఎవెలియో వాయించలేకపోయినా ఎవెలియో వాయిద్యం బతికుండే దారి. అందుకు ఆయన సంతకం కావాలి.

సంతకం అడగడానికి మొదటిసారి వృద్ధుల హోమ్‌కు వెళ్లినప్పుడు ముసలాయన వెంటనే పెట్టలేదు.

“డాక్టరు ఫోటో చూపించాడు,” అన్నాడు ఎడమచేత్తో నుదుటిని తడుముకుంటూ. “తల లోపలిది. ఇంతకుముందు కూడా చిన్న చిన్నవి వచ్చాయట. నాకు తెలియకుండా. ఎప్పుడు వచ్చాయంటే చెప్పలేడట. నేను ఫిబ్రవరిలో బాగానే ఉన్నానా, హెండ్లర్?”

“బ్రహ్మాండంగా ఉన్నారు.”

“నువ్వట్లాగే అంటావు. అమ్మేవాడివి. నేను వినాలి. ఆ కర్రలతో నేను సరిగ్గా నడిచానంటే, చెయ్యి పోయింది ఏప్రిల్లోనే అని అర్థం. అప్పటిదాకా నేను నేనే. అప్పుడు పెద్దక్షరాలతో నా పేరు వేసుకో. లేదంటే ఎప్పట్నుంచి నేను శవాన్ని మోసుకు తిరుగుతున్నానో నాకే తెలియదు.”

ఇస్సాకు ధైర్యంగానే ఉన్నాడు. వాయించినప్పుడు పక్కనే ఉన్నాడు కదా. మంగళవారం ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్లు పట్టుకుని వెళ్లాడు.

ఎవెలియో తొమ్మిది పాటలు వరసగా విన్నాడు. ఒక్కో పాట అయ్యాక గడ్డం కిందకి దించి “ఊఁ” అన్నాడు, కూలివాడి బరువు ఒక్కో బస్తాగా దిగుతున్నట్టు. మోటారు సైకిలెక్కి ఇల్లు వదిలిపోయినవాడి పాటను మాత్రం ఆఖరికి ఉంచుకున్నాడు. అది ఆయనకు ప్రాణం. హాస్టల్లో మొట్టమొదట సోన్ అనే తన ఊరి తీరులోకి మార్చింది ఆ పాటే.

పాట మొదలైంది. ముసలాయన పెదాలు కదిలాయి. మధ్యలో గాయకుడు ఆగి ట్రెస్ ఒంటరిగా వాయించే చోటు వచ్చింది. కాసేపటికి కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“వెనక్కి పెట్టు.”

పెట్టాడు.

“మళ్లీ.”

మూడోసారి విన్నాక హెడ్‌ఫోన్లు తానే తీసేశాడు.

“ఇక్కడ. నీ కర్రలు రెండు పక్క ఉన్నాయి. నా చెయ్యి మూడు పక్క ఉంది. ఇక్కణ్ణుంచి ఆఖరుదాకా ఎదురే నడిచాను. తిరిగి రాలేదు. తప్పానని తెలుసుకోను కూడా లేదు.” గొంతు మామూలుగానే ఉంది. “దీన్ని నువ్వేమన్నా ముట్టుకున్నావా?”

“లేదు,” అన్నాడు ఇస్సాకు. “మీరు వాయించింది వాయించినట్టే ఉంది.”

ఆలోచించి అన్న మాట కాదది. సీలు విప్పారా అని ఎవరడిగినా కొట్లో కూర్చున్నవాడి నోటి నుంచి వచ్చే మాట. పాట మీద కత్తెర పెట్టకూడదని ఎవెలియో పెట్టిన షరతు ఒకటుంది, ఆ షరతుకు నోరు దానంతటదే జవాబు చెప్పేసింది. ఆ తరవాత గాని ఇస్సాకుకు మార్చి నెల గుర్తుకు రాలేదు.

మార్చిలో ఫ్రౌ హాంపెల్ ఆ పాట విని మెచ్చుకుంది, కానీ పొడుగైందంది. శ్మశానం హాలు ఒక్కొక్కరికి అరగంటే ఇస్తారు. జనం లోపలికి వచ్చి కూర్చోవడానికి నాలుగు నిమిషాలు చాలు, పాట అయిదు దాటితే బయట తరవాతి శవం వాళ్లు నిలబడి ఉంటారు అంది. ఇస్సాకు ఇంట్లో కూర్చుని ట్రెస్ ఒంటరిగా వాయించే చోట కొంత తగ్గించాడు. నాలుగు మాత్రల చొప్పున లెక్కపెట్టి, అతుకు తెలియనిచోట కోశాడు. కోసినచోట కర్రల చప్పుడు మాత్రం తడబడ్డట్టుంది. అది వేరే మైకులో ఎక్కింది కాబట్టి దాన్ని విడిగా తీసి, పాట పొడుగునా సమంగా పరిచాడు. అతుకు మాయమైంది. తన పనితనానికి తానే మురిశాడు.

ఎన్ని చుట్లు తీశాడు? మంచం పక్క కుర్చీలో కూర్చుని వేళ్ల మీద లెక్కవేసుకున్నాడు. ఏడు. ఎనిమిది తీసుంటే ఏమయ్యేది కాదు. ఏడు బేసి కాబట్టి ట్రెస్ పక్క మారిపోయి, కర్రలు ఉన్నచోటే ఉండిపోయాయి.

“నువ్వు గట్టిగా నిలబడ్డావు, హెండ్లర్,” అన్నాడు ఎవెలియో, అతని మోకాలి మీద ఎడమచెయ్యి వేసి. “గోడలా. బాగా వాయించావు. తప్పింది నేనే.”

అప్పుడు చెప్పేయాల్సింది. నోరు తెరిస్తే, ఇప్పుడే కదా లేదన్నావు అన్న మాటకు జవాబు లేదు. ఫ్రౌ హాంపెల్ ఇచ్చిన కాగితం సంచిలో ఉంది. ఇస్సాకు మంచినీళ్ల గ్లాసు అందించాడు.

“ఈవేళ సంతకం వద్దు,” అన్నాడు ముసలాయన గోడవైపు తిరుగుతూ. “శనివారం రా.”

---

ఊర్మిళకు ఆ వారం పొద్దుటి షిఫ్టు. ఇస్సాకు ఇంటికి వచ్చేసరికి వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. అంతా విన్నాక చేతిలో ఉన్నది పక్కన పెట్టింది.

“ఏవయ్యా, కోసింది నువ్వు. తప్పు ఆయన నెత్తిన పడింది. మెచ్చుకోలు నీకొచ్చింది. ఇదేం బేరం?”

“బేరం కాదే. నోరు జారింది.”

“నీకు నోరు జారడం నేనెప్పుడూ చూళ్లేదు. బేరానికి అవసరమైతేనే జారుద్ది.” ఆమె గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. “అసలు పాట ఉంది కదా నీ దగ్గర? కొయ్యంది? తీసుకెళ్లి వినిపించు. అయిపోద్ది.”

ఇస్సాకు ఒక చిక్కుడుకాయ తీసి తుంచాడు.

“ఉందా, లేదా?”

మైకుసెట్టు రోజుల్లో క్యాసెట్టు మీద క్యాసెట్టు రికార్డు చేసుకోవడం అలవాటు. పెళ్లి అయ్యాక ఆ టేపు మీదే మరో ఊరి సభ. వాడిన టేపు దాచుకునేవాడు వ్యాపారి కాడని అతని నమ్మకం. పాటలన్నీ తయారై ల్యాప్‌టాప్‌లో చేరాక, రికార్డరు కార్డు ఖాళీ చేసి, మార్చి ఆఖరులో తెలుగు సంఘం ఉగాది కార్యక్రమానికి పట్టుకెళ్లాడు.

కింద కెల్లర్ అనే నేలమాళిగలో సామాన్ల పెట్టెలన్నీ విప్పాడు. కార్డు దొరికింది. ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తే సంఘం అధ్యక్షుడు గంగాధరరావు గారు మాట్లాడుతున్నారు. “ఈనాటి ఈ శుభ సందర్భంలో, ముఖ్యంగా పార్కింగు విషయంలో సహకరించిన వారందరికీ...” ఆ తరవాత పిల్లల డాన్సులు. ఆ తరవాత పచ్చడి ఎవరికి అందలేదో మైకులో అడుగుతున్నారు. నాలుగు గంటల ఉగాది. దాని కిందెక్కడో ఎవెలియో కుడిచెయ్యి.

బుధవారం, గురువారం కంప్యూటర్లు బాగుచేసేవాళ్ల చుట్టూ తిరిగాడు. కిందిది చెరిగిపోయింది, పైనుంచి రాశారు కాబట్టి రాదు అని ఒకడు చెప్పాడు. రెండోవాడు ఒక రాత్రి ఉంచుకుని అదే చెప్పాడు.

“పాత ప్రోగ్రాముల వీడియోలు లేవా?” అంది ఊర్మిళ.

“ఉన్నయ్. కానీ ఆయనడిగేది ఫిబ్రవరి సంగతి. మిగతా తొమ్మిది పాటలూ బానే ఉన్నయ్ కదా అంటే, ఆ పదోదాంట్లోనే మొదలైందంటాడు.”

“అయితే ఉత్త చేతులతో పో. నిజం చెప్పడానికి సరుకేం కావాలి?”

ఇస్సాకు ఎప్పుడూ ఉత్త చేతులతో ఎవరి ముందూ నిలబడలేదు. శనివారం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, ఏం చెబితే ఏమంటాడో, దానికి ఏమనాలో, మనసులో అటూ ఇటూ తానే మాట్లాడుకున్నాడు. ఎటు తిప్పినా బేరం తనవైపే ఓడుతోంది. పోనీ ఓడితే ఏమైంది, ఆయన ఆయనకు దక్కుతాడు అనుకున్నాడు. ఆ ఒక్కటీ ఖాయం అనుకునే ట్రామెక్కాడు.

---

ఎవెలియో గడ్డం గీయించుకుని కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. నాలుగు రోజుల్లో మెడ సన్నబడినట్టుంది.

“కాగితం తెచ్చావా?”

“తెచ్చాను. ముందు ఒక మాట వినాలి.” ఇస్సాకు కూర్చోలేదు. “మంగళవారం నేను అబద్ధం చెప్పాను. ఆ పాట నేను కోశాను. మీ ఒంటరి వాయిద్యంలో ఏడు చుట్లు తీసేశాను. ఏడు. బేసి. కర్రల్ని మాత్రం అట్లాగే పరిచాను. మీరు తప్పలేదు. మిమ్మల్ని నేనే తప్పించాను.”

 ఎవెలియో నవ్వాడు. మూతి ఒక పక్కే కదిలింది.

“నాలుగు రోజులు పట్టిందా ఇది తయారు చెయ్యడానికి?”

“తయారు చెయ్యడమేంటి? నిజం చెబుతున్నాను.”

“కోసినదైతే కొయ్యనిది ఉంటుంది. వినిపించు.”

“లేదు. కార్డు చెరిపేశాను. దాని మీద మా పండగ రికార్డు చేశాను.”

“మీ పండగ,” అన్నాడు ఎవెలియో తలూపుతూ.

“మీకు గుర్తులేదా? ఆ రోజు మీరు ఇంకా పొడుగ్గా వాయించారు. చాలాసేపు.”

“ప్రతిసారీ వేరుగా వాయిస్తాను. ఏ రోజు ఎంతసేపు వాయించానో దేవుడికి కూడా గుర్తుండదు. నిన్న పొద్దున ఏం తిన్నానో నాకు గుర్తులేదు.” కుర్చీ చక్రాన్ని ఎడమచేత్తో కాస్త తిప్పి దగ్గరికొచ్చాడు. “హెండ్లర్, నీతో అయిదేళ్లు తిరిగాను. నీ పద్ధతి నాకు తెలియదా? పెళ్లాం పోయినాయనకు, ఆవిడకు ఈ పాట వినిపించి ఉంటే మురిసిపోయేదని చెబుతావు, ఆవిణ్ణి ఎప్పుడూ చూడకపోయినా. గాయకుడికి గొంతు బొంగురుపోతే, ఈవేళ బ్రహ్మాండంగా ఉందంటావు. అందరికీ కావలసింది అందిస్తావు. అదే నీ మంచితనం. నేనది తప్పు పట్టను.”

“ఇది అట్లాంటిది కాదు. ఏసుప్రభువు మీద ఒట్టు.”

“ఒట్టు కూడానా?” ఈసారి నవ్వలేదు. “మంగళవారం నేను అడిగాను. ముట్టుకున్నావా అంటే లేదన్నావు. ఠక్కున అన్నావు. ఆలోచించకుండా వచ్చింది ఏది, నాలుగు రోజులు ఆలోచించాక వచ్చింది ఏది? నువ్వే చెప్పు. ఏది కొంటావు?”

 అవతలి వైపు నిలబడి ఉంటే ఇస్సాకూ మొదటిదే కొనేవాడు.

“అయితే అమ్మను,” అన్నాడు.  సంచిలోంచి కాగితం తీసి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. “ఇప్పుడే చింపేస్తాను. ఫ్రౌ హాంపెల్‌కు లేదని చెప్పేస్తాను. నాకేం వద్దు. అప్పుడైనా నమ్ముతారా?”

“చింపితే ఇంకా నమ్మను. నా మీద ఎంత జాలిపడితే హెండ్లర్ లాభం వదులుకున్నాడో అనుకుంటాను.” చెయ్యి చాపాడు. “ఇట్లా ఇవ్వు. కలం ఇవ్వు.”

“ఎవెలియో...”

“ఇవ్వమంటున్నాను కదా. జర్మన్లకు అది వినపడదు. వాళ్లు ఏడుస్తుంటారు. పాట వాళ్లకు పనికొస్తుంది, పనికొచ్చేదాన్ని ఎందుకు పారెయ్యడం? నా పేరు మాత్రం వద్దు.”

కాగితం కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు. వాయించినవారి పేరు అని అచ్చువేసిన చోట ఇస్సాకు ముందే పెద్దక్షరాలతో రాసుకొచ్చిన పేరును ఎడమచేత్తో కొట్టేశాడు. ఒక గీత వంకరపోతే దాని మీద ఇంకోటి గీశాడు. ఆ పది పాటలూ పక్కనపెడితే, ఇంకెన్నిచోట్ల, ఎన్ని శవాల ముందు తప్పు వాయించానో, పోయిన ఏడాది మొత్తం, అంతకుముందు ఏడాది కూడానేమో అని గొణుక్కున్నాడు, అడుగుతున్నట్టు కాదు. తరవాత కింద సంతకం పెట్టాడు. అది సంతకంలా లేదు, అయినా చెల్లుతుంది.

“ఒక్క మాటకు సంతోషం,” అన్నాడు కాగితం తిరిగిస్తూ. “నన్ను ఊరడించాలనుకున్నావు చూడు. నీ అంతటివాడు ఊరికే ఇచ్చింది నా దగ్గర ఇదొక్కటే ఉంది.”

ఇస్సాకు ఆ కాగితాన్ని మడవకుండా పట్టుకుని నిలబడ్డాడు. నర్సు వచ్చి భోజనానికి తీసుకెళ్లాలని చెప్పింది. ఎవెలియో పడిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు, తనది కాని వస్తువును సర్దినట్టు. నర్సు కుర్చీని తలుపు వైపు తిప్పింది.

సోమవారం ఫ్రౌ హాంపెల్ కళ్లజోడు పెట్టుకుని కాగితం పైనుంచి కిందికి చదివింది. కొట్టేసిన చోట వేలు ఆనించి, “ఇక్కడ ఏం వెయ్యాలి? వాయించింది ఎవరని?” అని అడిగింది.

ఇస్సాకు ఆ గీతల కింద ఇంకా కనిపిస్తున్న అక్షరాల్ని చూశాడు. మళ్లీ మొదటినుంచీ చెప్పాలనిపించింది, ఏడు చుట్ల సంగతి, కర్రల సంగతి. ఆమె అర్థం చేసుకుంటుంది, మంచి మనిషి, పాపం అంటుంది కూడా.

“ఏమీ వద్దు,” అన్నాడు. “ఖాళీగా వదిలేయండి.”

ఆమె సరేనని ముద్ర వేసి, ఆ మధ్యాహ్నం రెండింటికే ఒక అంత్యక్రియ ఉందనీ, మోటారు సైకిలు పాటే అడిగారనీ, పోయినాయన కొడుకులు చాలా ఇష్టపడ్డారనీ చెప్పింది.